మా నాన్న కాగితాలు ఏ జిల్లాలో ఉన్నాయి?

వడ్డేపల్లి_గట్టు | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఉద్యోగం పుణెలో, పుట్టి పెరిగింది హనుమకొండలో. నాన్న ఇక్కడే నగరంలో ఆసుపత్రిలో పోయి నాలుగు నెలలైంది. ఆయన పేరు మీద ఉన్నవన్నీ అమ్మ పేరు మీదికి మార్చుదామని పది రోజుల సెలవు పెట్టి వచ్చాను. నాలుగు రోజులు అప్పుడే గడిచిపోయాయి, చేతికి ఒక్క కాగితమూ రాలేదు.

ఉన్న ఆస్తి ఇది: మేము ఉంటున్న ఇల్లు, వడ్డేపల్లి వైపు 1979లో నాన్న కొన్న 200 గజాల ఖాళీ స్థలం, కమలాపూర్ మండలంలో తాత పంచి ఇచ్చిన ఎకరం పన్నెండు గుంటల పొలం.

స్థలం దస్తావేజు 2023 జులై వానలకు ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలోనే ముద్దయిపోయింది. నంబరు ఎవరికీ గుర్తు లేదు. ఇక పేరు సంగతి. పాసు పుస్తకంలో నర్సయ్య, ఇంటి పన్ను రసీదులో నర్సింహయ్య, మరణ ధ్రువపత్రంలో నరసింహ. ఇవి చాలవన్నట్టు జిల్లా ఒకటి. పాత పాసు పుస్తకంలో కరీంనగర్ జిల్లా, పన్ను రసీదుల్లో కొన్నింటి మీద వరంగల్, కొన్నింటి మీద వరంగల్ అర్బన్, ఆధార్‌లో హనుమకొండ. ఏ కిటికీ దగ్గరికి వెళ్ళినా "ఇది ఇక్కడ కాదమ్మా" అన్న ఒక్క మాటే. మరి ఎక్కడ? ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

కాజీపేట_ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 9:31

మా ఇల్లు ఒక్క అంగుళం కదలలేదండీ. నేను మాత్రం మూడు జిల్లాలు మారాను. 2016 దాకా వరంగల్, 2021 దాకా వరంగల్ అర్బన్, ఆ తర్వాత హనుమకొండ. ఖిలా వరంగల్‌లో మా బావమరిది ఇంకా అదృష్టవంతుడు, వరంగల్ నుంచి బయలుదేరి అర్బన్ మీదుగా మళ్ళీ వరంగల్‌కే చేరుకున్నాడు. ఆయన పోయిన నెల సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికని సుబేదారిలో ఉన్న కలెక్టరేట్‌కు వెళ్ళి గంటన్నర వరుసలో నిలబడ్డాడు. తీరా బల్ల దగ్గరికి చేరాక "మీది వరంగల్ జిల్లా, ఇది హనుమకొండ కలెక్టరేట్" అన్నారట. నగరం ఒకటే, నగరపాలక సంస్థ ఒకటే, కలెక్టర్లు మాత్రం ఇద్దరు. బయటి ఊరి వాళ్ళకు ఇది చెప్పి నమ్మించలేము.

పాత_దస్త్రం | సోమవారం, రాత్రి 10:20

అమ్మా, ముప్పై రెండేళ్ళు రెవెన్యూలో చేశాను, అందులో పదకొండేళ్ళు రికార్డు గదిలోనే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కార్యాలయాల పేర్లు మారినంత తేలికగా అల్మారాలు మారవు. ప్రతి కాగితానికీ వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది పుట్టిన నాడు ఏ కార్యాలయంలో పుట్టింది, ఆ కార్యాలయపు అల్మారా ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? "మాది ఏ జిల్లా" అని అడిగితే ఇప్పటి జిల్లా చెబుతారు. కాగితానికి ఇప్పటి జిల్లాతో పని లేదు.

మీ పొలం సంగతే చూడండి. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలాలు 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లావి. ఆ రోజు పాత వరంగల్ జిల్లా ముక్కలైనప్పుడు ఈ మూడూ వరంగల్ అర్బన్‌లోకి వచ్చాయి. 2021 ఆగస్టులో ఆ అర్బన్‌కే హనుమకొండ అని పేరు పెట్టారు. వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది, కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. పరకాల, శాయంపేట, ఆత్మకూరు, దామెర ఇటు వస్తే, వరంగల్, ఖిలా వరంగల్ అటు పోయాయి. అంటే మీ పాత పాసు పుస్తకంలో కరీంనగర్ అని ఉండటం తప్పేమీ కాదు, దాన్ని దిద్దించాలని తిరగకండి.

మండల కార్యాలయంలో పుట్టిన పహాణీలు, అంటే భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారని ఏటేటా రాసే లెక్కలు, మండలంతోపాటే ఉంటాయి. కలెక్టరేట్ స్థాయి ఫైళ్ళు అలా కావు. భూ పరిమితి (సీలింగు) కేసో, ఇనాం భూమి కేసో, అప్పీలో ఉంటే 2016కు ముందువి కరీంనగర్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు, విభజనప్పుడు జాబితా రాసి పంపినవి మాత్రమే ఇటు వచ్చాయి. సేత్వార్, టిప్పన్, నక్షా లాంటి సర్వే కాగితాలు కావాలంటే తహసీల్దారు దగ్గరికి కాదు, సర్వే, భూమి రికార్డుల శాఖ జిల్లా కార్యాలయానికి వెళ్ళాలి. ఇంకా వెనక్కి పోతే 1985కు ముందు మండలాలే లేవు, తాలూకాలు. ఆ కాలపు కాగితానికి తాలూకా పేరు తెలియాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే ఖమ్మం కూడా 1953 దాకా వరంగల్ జిల్లాలోదే. ఖమ్మం నుంచి తాతల కాగితాల కోసం వరంగల్ వచ్చిన వాళ్ళను నేనే చూశాను.

రికార్డు గదికి వెళ్ళినప్పుడు పేరు చెప్పి అడగకండి. లోపల బస్తాలు కట్టేది పేర్ల వరుసలో కాదు, ఊరి వరుసలో, సంవత్సరాల వరుసలో. "నర్సయ్య భూమి కాగితం" అంటే లోపలి మనిషికి దండం పెట్టడం తప్ప దారి లేదు. "ఫలానా గ్రామం, 1987-88 పహాణీ, ఫలానా సర్వే నంబరు" అనండి, పది నిమిషాల్లో బస్తా బల్ల మీదికి వస్తుంది. ఎర్ర గుడ్డ ముడి విప్పగానే లేచే దుమ్ముకు మాత్రం ముక్కుకు రుమాలు కట్టుకోండి.

నల్లకోటు_హనుమకొండ | సోమవారం, రాత్రి 10:48

పైన సార్ చెప్పింది రెవెన్యూకు వర్తిస్తుంది. స్థలం దస్తావేజు రిజిస్ట్రేషన్ శాఖది, అక్కడి లెక్క వేరు, ఇంకా సులువు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో పుస్తకంలో ఎక్కుతాయి. దానికి రెండు సూచికలు ఉంటాయి. ఇండెక్స్ 1లో అమ్మినవారి, కొన్నవారి పేర్లు, ఇండెక్స్ 2లో ఊరు, ఆస్తి వివరాలు. ఇక్కడ పేరుతోనే వెతకవచ్చు, అయితే సంవత్సరం తెలియాలి. మీకు తెలుసు. సెక్షన్ 57 ప్రకారం ఒకటో పుస్తకాన్నీ దాని సూచికనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. "నువ్వు ఎవరు, నీకెందుకు" అని అడిగే అధికారం కూడా వారికి లేదు. వీలునామాల పుస్తకానికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. అలా తీసుకున్న సర్టిఫైడ్ నకలు అసలు దస్తావేజులో ఏముందో రుజువు చేయడానికి చెల్లుతుంది, ఆ మాట కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. దస్తావేజు పోయిందని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోండి, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే.

వడ్డేపల్లి_గట్టు | మంగళవారం, ఉదయం 7:05

సార్, ఆన్‌లైన్లో స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీశాను. ఖాళీగా వచ్చింది! ఎలాంటి లావాదేవీలు లేవని ఉంది. మా నాన్న పేరు ఎక్కడా లేదు. రాత్రంతా నిద్ర లేదు. ఇది ఎవరైనా మాయం చేసి ఉంటారా?

నల్లకోటు_హనుమకొండ | మంగళవారం, ఉదయం 7:22

నిద్ర పొండి మేడమ్. అది మంచి వార్త.

ఆన్‌లైన్లో దొరికే వివరాలు 1983 నుంచి మాత్రమే. మీ నాన్నగారు కొన్నది 1979లో కాబట్టి ఆ కొనుగోలు అందులో కనిపించదు. ఈసీ ఖాళీగా రావడమంటే, మీరిచ్చిన సర్వే నంబరు మీద 1983 తర్వాత రిజిస్టరైన అమ్మకం, తాకట్టు ఏదీ లేదని అర్థం. భయపడాల్సింది అందులో తెలియని పేరు కనిపించినప్పుడు. సర్వే నంబరు సరిగ్గా కొట్టారో లేదో, పక్క బై నంబర్లు (ఉప నంబర్లు) కూడా వేసి ఒకసారి చూడండి. 1983కు ముందు కాలానికి కార్యాలయంలోనే అర్జీ పెట్టాలి, వాళ్ళు చేత్తో పుస్తకాలు వెతికి ఇస్తారు.

కాజీపేట_ప్యాసింజర్ | మంగళవారం, ఉదయం 7:40

మా పెదనాన్న కూడా ఖాళీ ఈసీ చూసి ఊరంతా ఏడ్చుకుంటూ తిరిగారు. పదిహేను రోజుల తర్వాత ఎవరో ఈ మాటే చెప్పారు. ఈ ఒక్క వాక్యం ఆ కాగితం కిందనే అచ్చు వేస్తే ఎంతమందికి రక్తపోటు తగ్గుతుందో.

కౌంటర్_వెనుక | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మీసేవ కేంద్రం నడుపుతాను. భోజన విరామంలో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

అక్కా, అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. ముందు మరణ ధ్రువపత్రంలో పేరు దిద్దించండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి అది కావాలి, ఆ రెండూ ఉంటేనే ఇంటి పన్నులో పేరు మారుతుంది, పొలం విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) జరుగుతుంది, బ్యాంకు వాళ్ళు మాట్లాడతారు. మొదటి కాగితంలో తప్పు పేరు ఉంటే ఆ తప్పు మిగతా అన్నిటిలోకి నడిచి వెళ్తుంది. నా దగ్గరికి వచ్చే తిరస్కరణల్లో ఎక్కువ భాగం ఇవే.

జననమైనా మరణమైనా నమోదయ్యేది అది జరిగిన చోట, కాపురం ఉన్న చోట కాదు. నాన్నగారు నగరంలోని ఆసుపత్రిలో పోయారు కాబట్టి మీ రిజిస్టరు నగరపాలక సంస్థ దగ్గర ఉంటుంది. ఊళ్ళో ఇంటి దగ్గర పోయి ఉంటే పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉండేది. ఆసుపత్రి నుంచి ఫారం 2 అనే నివేదిక వెళ్తుంది, అందులో రాసిందే రిజిస్టరులోకి ఎక్కుతుంది. కనుక ముందు ఆసుపత్రి రికార్డు విభాగంలో అడిగి వాళ్ళు ఏం పంపారో చూడండి. అక్కడే తప్పు పడి ఉంటే దిద్దుబాటుకు వాళ్ళ నుంచి ఒక లేఖ తీసుకోండి. దానితోపాటు ఆధార్, పాసు పుస్తకం, పన్ను రసీదు, ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని ఒక అఫిడవిట్. చట్టంలో సెక్షన్ 15 ఇందుకే ఉంది. పాత నమోదును కొట్టివేయరు, పక్కన అంచులో సరైన పేరు రాసి సంతకం, తేదీ వేస్తారు.

ఆధార్‌లో ఏ పేరు ఉందో చెప్పలేదు మీరు.

వడ్డేపల్లి_గట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:35

ఆధార్‌లో నర్సయ్య. అంటే పాసు పుస్తకంతో సరిపోతుంది. ఇది నాకు ఇంతవరకు తట్టనే లేదు.

కౌంటర్_వెనుక | మంగళవారం, మధ్యాహ్నం 2:41

అయితే నర్సయ్య అనే దిద్దించండి. ఇక అన్నిచోట్లా అదే. ఏ అర్జీ పెట్టినా రసీదు మీది నంబరు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. "పోయిన వారం ఇచ్చాను, నీలం చొక్కా ఆయన తీసుకున్నారు" అంటే మేము వెతకలేము.

ఎనుమాముల_లారీ | మంగళవారం, సాయంత్రం 6:02

ఇన్ని చట్టాలు ఎందుకండీ, సెలవు అయిపోతోంది అంటున్నారు కదా. కార్యాలయం ఎదుట జిరాక్సు దుకాణాల దగ్గర ఎవరినైనా అడగండి. ఎనిమిది వేలు, పది వేలు తీసుకుంటారు, అన్నీ ఇంటికే తెచ్చి ఇస్తారు.

గీసుగొండ_మిర్చి | మంగళవారం, సాయంత్రం 6:30

ఇచ్చి చూశాను అన్నా. ఆరు వేలు ఇచ్చాను. పహాణీ నకలు అని తెచ్చి ఇచ్చింది ఫోనులో తీసిన ఫోటోకు జిరాక్సు. ముద్ర లేదు, సంతకం లేదు, అర్జీ నంబరు లేదు. బ్యాంకులో చూపిస్తే నవ్వారు. ఆయన కోసం మళ్ళీ వెళ్తే ఆ దుకాణంలో ఇప్పుడు పునుగులు వేస్తున్నారు. పునుగులు బాగున్నాయి, అది వేరే సంగతి. తర్వాత నేనే అర్జీ పెట్టుకుంటే రుసుము పోను ఖర్చయింది బస్సు ఛార్జీలు.

పది_రూపాయల_పోస్టల్_ఆర్డర్ | మంగళవారం, రాత్రి 8:15

ఎవరూ సమాచార హక్కు గురించి మాట్లాడరేమి? 2005 చట్టం ఉన్నది దేనికి? దరఖాస్తుకు పది రూపాయలు, మండల స్థాయిలో అయిదే రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు రుసుమే లేదు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు ఎక్కడైనా ఉచితం. ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి, ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. అందరి మీదా తలా ఒక దరఖాస్తు పడేయండి మేడమ్, పరుగెత్తుకుంటూ వస్తారు.

పాత_దస్త్రం | మంగళవారం, రాత్రి 9:05

నాయనా, నీ ఉత్సాహం బాగుంది. అవతలి వైపు కూర్చున్నవాడిగా ఒక మాట చెబుతాను. దస్తావేజు నకలు, పహాణీ నకలు వంటి వాటికి రుసుము కట్టి తీసుకునే పద్ధతి ముందే ఉంది. అది వదిలిపెట్టి సమాచార హక్కు కింద అడిగితే, "ఫలానా పద్ధతిలో దరఖాస్తు చేసుకోవలెను" అని ఇరవై తొమ్మిదో రోజున జవాబు వస్తుంది. నేనే రాశాను అలాంటివి, తప్పేమీ లేకుండా. ఆవిడకు మిగిలింది అయిదు రోజులు, నీ చట్టంలో గడువు ముప్పై.

పది_రూపాయల_పోస్టల్_ఆర్డర్ | మంగళవారం, రాత్రి 9:20

ఇరవై తొమ్మిదో రోజున రాశారని ఎంత ధైర్యంగా చెబుతున్నారు సార్! మొదటి రోజే రాయవచ్చు కదా?

పాత_దస్త్రం | మంగళవారం, రాత్రి 9:48

రాయవచ్చు. ఒక్క గుమాస్తా, నాలుగు మండలాల ఉత్తరాలు, చెడిపోయిన ప్రింటరు. అయినా నువ్వన్నది నిజమే, రాయవచ్చు.

సమాచార హక్కు నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. అర్జీ పెట్టి నెల దాటినా కదలనప్పుడు "నా అర్జీ నంబరు ఇది, దీని మీద ఏ తేదీన ఎవరు ఏ చర్య తీసుకున్నారు, నోటు షీటు నకలు ఇవ్వండి" అని అడగాలి. "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడగకూడదు. ఎందుకు అన్నదానికి కాగితం ఉండదు కాబట్టి జవాబూ ఉండదు. నోటు షీటు అంటే ఫైలులో అధికారులు ఎవరి మాట వాళ్ళు రాసే కాగితం, అది అడిగితే మాత్రం ఫైలు బయటికి తీయాలి. తీసినవాడు మళ్ళీ అదే చోట పెట్టడానికి జంకుతాడు. ఇంకో సంగతి, తప్పు కార్యాలయానికి పంపినా అయిదు రోజుల్లో సరైన చోటికి వాళ్ళే బదిలీ చేయాలి. జిల్లాలు కలగాపులగమైన మన ఊరికి ఆ ఒక్క నిబంధన చాలా విలువైనది.

పది_రూపాయల_పోస్టల్_ఆర్డర్ | మంగళవారం, రాత్రి 9:55

నోటు షీటు సంగతి రాసుకున్నాను సార్. నేను ఇన్నాళ్ళూ "ఎందుకు" అనే అడుగుతున్నాను.

కమలాపూర్_కోడలు | బుధవారం, ఉదయం 11:30

మీ పొలం మా వైపే అన్నమాట. మా మండలం తీరు మీకు తెలిసే ఉంటుంది, భూమి హనుమకొండ జిల్లాలో, ఓటు హుజూరాబాద్ నియోజకవర్గానికి.

మా మామగారు పోయాక పోయిన ఏడాది మేము విరాసత్ చేయించుకున్నాము. భూముల రికార్డులకు ధరణి పోర్టల్ ఉన్న రోజుల్లో, అంటే 2020 నుంచి, వారసులందరూ ఒప్పంద పత్రం రాసుకుని, స్లాటు పెట్టుకుని తహసీల్దారు ముందుకు వెళ్తే విచారణ లేకుండా అక్కడికక్కడే మార్చేవారు. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఇప్పుడు వారసులకు నోటీసులు ఇచ్చి విచారణ చేసి మారుస్తారు. పని కొంచెం నెమ్మది, కానీ మా ఇంట్లో అదే మంచిదైంది. ఆడపడుచు పేరు చెప్పకుండా చేసేద్దామని మా బావగారు అనుకున్నారు, నోటీసు నేరుగా ఆవిడ ఇంటికే వెళ్ళింది. తర్వాత బతుకమ్మ పండుగకు ఎవరూ ఎవరింటికీ రాలేదు. వాటా మాత్రం వచ్చింది.

మీరు ఎంతమంది సంతానం? అందరి ఆధార్లూ తెచ్చుకోండి. అమ్మ పేరు మీదికే మొత్తం రావాలంటే మిగతా వారసులు ఒప్పుకోవాలి. వెళ్ళేముందు పాత పహాణీ ఒకటి, కొత్త పాసు పుస్తకం ఒకటి పక్కపక్కన పెట్టి విస్తీర్ణం సరిచూసుకోండి. మాది రెండు గుంటలు తగ్గి ఉంది. అది తేలాకే విరాసత్‌కు వెళ్ళాము.

వడ్డేపల్లి_గట్టు | బుధవారం, రాత్రి 8:50

ఇద్దరమే, నేనూ తమ్ముడూ. వాడికి ఏ అభ్యంతరమూ లేదు.

ఈ రోజు జరిగింది ఇది. ఆసుపత్రిలో ఫారం నకలు చూపించారు. చేర్చుకునేటప్పుడు హడావిడిలో పేరు చెప్పింది తమ్ముడే. వాడు చెప్పింది నర్సింహయ్య, రాసినవారు నరసింహ అని కుదించారు, చివర తమ్ముడి సంతకమే ఉంది. ఇక ఎవరిని అనగలం? లేఖ ఇచ్చారు. దిద్దుబాటుకు అర్జీ పెట్టాను, నంబరు ఫోటో తీశాను (నీలం చొక్కా ఆయనే తీసుకున్నారు).

ఒక సందేహం. బ్యాంకులో ఎవరో కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. అది లేకుండా ఇల్లు, స్థలం మారవా?

నల్లకోటు_హనుమకొండ | బుధవారం, రాత్రి 9:10

రెంటినీ కలపకండి. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ బ్యాంకు నిల్వలు, షేర్లు, రావాల్సిన బాకీల కోసం. 1925 వారసత్వ చట్టం కిందిది. నామినీగా అమ్మగారి పేరు ఉంటే చాలాసార్లు దాని అవసరమే పడదు, బ్యాంకు పాసు పుస్తకం చూసుకోండి. ఇంటి పన్నులో పేరు మార్పుకు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో వెళ్ళండి. పన్నులో పేరు మారినంత మాత్రాన హక్కు మారినట్టు కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి. మీ వాటా, తమ్ముడి వాటా అమ్మగారికి పూర్తిగా చెందాలంటే రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం రాయించండి. ఇప్పుడు వాడికి అభ్యంతరం లేదు, సరే. వాడికీ పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు.

గీసుగొండ_మిర్చి | బుధవారం, రాత్రి 10:15

పాత పహాణీ అన్నారు కాబట్టి నా కథ కూడా చెబుతాను. మాకు 1954-55 ఖాస్రా పహాణీ అవసరమైంది. మా తాత పేరు అప్పుడు పట్టాదారుగా ఉందా, అనుభవదారుగా ఉందా అన్నది గొడవ. నకలు చేతికొచ్చింది, కానీ మొత్తం ఉర్దూ. మా ఇంట్లో ఉర్దూ చదవగలిగిన చివరి మనిషి మా తాతే. చివరికి మండిబజారులో ఒక రిటైర్డ్ ఉర్దూ పంతులుగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ చదివారు. ఒకచోట ఆగి "మీ తాత పేరుకు ముందు ఇంకో పేరు రాసి కొట్టేశారు" అన్నారు. ఏడేళ్ళ గొడవకు కారణం ఆ గీత. టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

సాదాబైనామా వాళ్ళు ఎవరైనా ఉంటే: 2014 జూన్ 2కు ముందు తెల్లకాగితం మీద కొని, 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో అర్జీ పెట్టుకున్నవారివే ఇప్పుడు భూభారతి కింద చూస్తున్నారు. ఆ అర్జీ రసీదు బంగారంలా దాచుకోండి.

పాత_దస్త్రం | బుధవారం, రాత్రి 10:40

ఉర్దూ కాగితాల్లో సంవత్సరం ఫసలీలో, అంటే పంట ఏడాది లెక్కలో, ఉంటుంది. 590 కలపండి, ఆ పంట ఏడాది మొదలైన మన సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55. నిజాం కాలపు బడి రిజిస్టర్లలో పుట్టిన తేదీలు కూడా ఇలాగే ఉంటాయి. నెలలు ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ... ఆజర్ అక్టోబరులో మొదలవుతుంది. పింఛను కోసం వచ్చిన ఒక పెద్దాయన పుట్టిన నెల ఫర్వర్దీ అని ఉంటే, ఎవరో దాన్ని ఫిబ్రవరి అని చదివారు. అదృష్టం కొద్దీ ఫర్వర్దీ ఫిబ్రవరిలోనే వస్తుంది, ఆయనకు నష్టం జరగలేదు. అన్నిసార్లూ అలా కలిసిరాదు.

కాజీపేట_ప్యాసింజర్ | గురువారం, ఉదయం 8:00

స్థలం నకలు ఏమైందండీ? ఉత్కంఠగా ఉంది.

వడ్డేపల్లి_గట్టు | శుక్రవారం, రాత్రి 9:37

దొరికింది.

మొదట వెళ్ళిన కార్యాలయంలో ఆ సంవత్సరపు పుస్తకాలు తమ దగ్గర లేవన్నారు. నేను "1979లో ఈ గ్రామం ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉండేది సార్?" అని అడిగాను. పాత_దస్త్రం సార్ నేర్పిన ప్రశ్నే. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాయన ముందుకు వచ్చి, ఒక చిన్న చీటీ మీద ఇంకో కార్యాలయం పేరు రాసి ఇచ్చారు. నాలుగు రోజులుగా "ఇక్కడ కాదు" దగ్గర ఆగిన మాట మొదటిసారి "అక్కడ" దాకా వచ్చింది.

అక్కడ రుసుము కట్టాక ఇండెక్స్ పుస్తకం ఇచ్చారు. అట్ట ఊడిపోయి తాడుతో కట్టి ఉంది. న అక్షరం కింద పద్దెనిమిది మంది నర్సయ్యలు, నర్సింహులు, నర్సింహారెడ్డిలు. తాత పేరు పక్కన ఉన్న నర్సయ్య పదమూడోవాడు. దస్తావేజు నంబరు, వాల్యూము, పుటలు అక్కడే ఉన్నాయి.

అసలు పుస్తకం తెరిచినప్పుడు నాన్న సంతకం కనిపిస్తుందని అనుకున్నాను. కనిపించలేదు. ఆ రోజుల్లో దస్తావేజు మొత్తాన్ని కార్యాలయంలో రాతగాడు చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవాడట. సంతకం ఉండాల్సిన చోట "సంతకం" అని రాసి, పక్కన ఆ పేరు తన దస్తూరీలోనే రాశాడు. నీలం సిరా, ఒత్తులన్నీ పెద్దవి, ప్రతి పుట చివరి గీత కొంచెం కిందికి జారుతుంది. హద్దులు: తూర్పున బాట, పడమర చింత చెట్టు. ఆ చింత చెట్టు ఇప్పుడు లేదు, దాని చోట అపార్టుమెంటు ఉంది.

సాక్షుల్లో రెండో పేరు దగ్గర ఆగిపోయాను. వృత్తి: సైకిల్ టాక్సీ. చిన్నప్పుడు మేము గంటకు అర్ధరూపాయి ఇచ్చి సైకిలు తీసుకున్న దుకాణం మామ ఆయన. నాన్నతో అంత స్నేహమని మాకు తెలియదు. అమ్మకు ఫోను చేసి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు రిజిస్ట్రేషన్ ఖర్చుకు తక్కువ పడితే ఆయనే సర్దాడు" అంది.

సర్టిఫైడ్ నకలు సోమవారం ఇస్తామన్నారు. నేను ఆదివారం రాత్రే రైలెక్కాలి, తమ్ముడు వెళ్ళి తెస్తాడు.

నల్లకోటు_హనుమకొండ | శుక్రవారం, రాత్రి 9:50

శుభం. దస్తావేజులో ఏ పేరు ఉంది?

వడ్డేపల్లి_గట్టు | శుక్రవారం, రాత్రి 9:52

నర్సయ్య! పన్ను రసీదు ఒక్కటే ఇక వేరుగా ఉంది.

కౌంటర్_వెనుక | శుక్రవారం, రాత్రి 10:04

అది పేరు మార్పుతోపాటే పోతుంది అక్కా. మరణ ధ్రువపత్రం దిద్ది వచ్చాకే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పెట్టమని తమ్ముడికి చెప్పండి. తొందరపడి ముందే పెడితే మళ్ళీ మొదటికి వస్తుంది. ఖాళీ స్థలానికి కూడా పన్ను ఉంటుంది, ఇన్నేళ్ళూ కట్టారో లేదో చూసుకోండి.

కమలాపూర్_కోడలు | శుక్రవారం, రాత్రి 10:11

పొలం పనికి వచ్చినప్పుడు చెప్పండి, మా ఇల్లు బస్టాండు దగ్గరే. భోజనం చేసి వెళ్దురు.

పాత_దస్త్రం | శుక్రవారం, రాత్రి 10:30

వాల్యూము నంబరు, పుట నంబరు రాసి పెట్టుకున్నారా అమ్మా?

వడ్డేపల్లి_గట్టు | శుక్రవారం, రాత్రి 10:33

మూడు చోట్ల రాశాను సార్. ట్రంకు పెట్టెలో మాత్రం పెట్టలేదు.